కాల్షియం లోపలికొస్తేనే హార్మోన్ బయటికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల అడ్రినల్ గ్రంథుల మీద వేసిన వ్యాసంలో "కాల్షియం కణంలోకి ప్రవేశించగానే అడ్రినలిన్ బయటికి వస్తుంది" అని ఒక వాక్యం ఉంది. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం మీదే. ఇంటర్ పిల్లలు అడిగారు, లెక్చరర్లు అడిగారు, రోజూ కాల్షియం మాత్ర వేసుకునే పెద్దలూ అడిగారు. ఒకే సందేహం చాలామందికి వచ్చినచోట ఒకరి ప్రశ్నే వేశాం. రోగుల ప్రశ్నలకు ఇచ్చినవి విషయం అర్థం కావడానికి ఇచ్చిన జవాబులే. మందు మార్చాలన్నా ఆపాలన్నా చూస్తున్న డాక్టరును అడిగే చేయాలి.

ప్రశ్న: మా జువాలజీ పుస్తకంలో "భయం వేసినప్పుడు అధివృక్క దవ్వ నుంచి అడ్రినలిన్ విడుదలవుతుంది" అని మాత్రమే ఉంది. మా సార్ మాత్రం కాల్షియం లేకపోతే విడుదల కాదంటున్నారు. నరం నుంచి ఉద్దీపన వస్తే చాలదా? మధ్యలో కాల్షియం ఎందుకు?
— ఇంటర్ బైపీసీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే. నరం ఇచ్చే ఉద్దీపన కణం పైపొర దాకానే పనిచేస్తుంది. లోపల సంచుల్లో నిల్వ ఉన్న అడ్రినలిన్‌కు ఆ కబురు అందించేది కాల్షియం.

వెన్నుపాము నుంచి వచ్చే స్ప్లాంక్నిక్ నరం దవ్వలోని, అంటే అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలోని, అడ్రినలిన్ విడుదల చేసే క్రోమాఫిన్ కణాల దగ్గర ముగుస్తుంది. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ విడుదలై కణం మీది నికోటినిక్ గ్రాహకాలను తెరుస్తుంది. వాటిగుండా ముఖ్యంగా సోడియం లోపలికి వస్తుంది. విశ్రాంతిలో మైనస్ 60 మిల్లీవోల్టుల చుట్టుపక్కల ఉండే త్వచ పొటెన్షియల్, అంటే కణం పైపొరకు లోపలా బయటా ఉండే వోల్టేజీ తేడా, సున్నా వైపు జరుగుతుంది. ఆ మార్పును పసిగట్టి తెరుచుకునే ఛానెళ్లు, అంటే కాల్షియం దూరే ప్రోటీన్ దారులు, అదే త్వచంలో ఉన్నాయి. ఎల్, ఎన్, పీ/క్యూ, ఆర్ అని వాటికి పేర్లు. వాటిలోంచి కాల్షియం దూసుకొస్తుంది.

దూసుకురావడానికి కారణం అంకెల్లోనే కనిపిస్తుంది. కణం బయట ద్రవంలో స్వేచ్ఛగా ఉన్న కాల్షియం సుమారు 1.2 మిల్లీమోలార్. కణం లోపల విశ్రాంతిలో ఉండేది సుమారు 0.1 మైక్రోమోలార్. అంటే బయట పదివేల రెట్లకు పైగా ఎక్కువ. పైగా కణం లోపలి వైపు రుణావేశం. ఛానెల్ తెరుచుకున్న క్షణంలో దాని ముఖద్వారం దగ్గర కాల్షియం పదుల మైక్రోమోలార్లకు చేరుతుంది. అదే సమయంలో కణం మొత్తం సగటు తీస్తే ఒక మైక్రోమోలార్ అటూ ఇటూ మాత్రమే. కాబట్టి ఛానెల్‌కు అతి దగ్గరగా, నానోమీటర్ల దూరంలో, కూర్చున్న సంచికే ఆ కబురు గట్టిగా వినపడుతుంది. మూలనున్న సంచికి వినపడదు.

ఆ సంచి పొరలో సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. కాల్షియాన్ని పట్టుకునేది అదే. సంచి మీది సినాప్టోబ్రెవిన్, కణత్వచం మీది సింటాక్సిన్, స్నాప్-25 అనే మూడు ప్రోటీన్లు అప్పటికే సగం పెనవేసుకుని సిద్ధంగా ఉంటాయి. కాల్షియం పట్టుకున్న సినాప్టోటాగ్మిన్ తగలగానే ఆ పెనవేత పూర్తయి రెండు పొరలూ కలిసిపోతాయి. మొదట సన్నని రంధ్రం, తర్వాత సంచి పూర్తిగా తెరుచుకోవడం. ఈ యంత్రాంగాన్ని విప్పి చెప్పినందుకే 2013లో రాథ్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు నోబెల్ వచ్చింది.

ఇక్కడ పుస్తకాలు వదిలేసే సంగతి ఒకటుంది. ఒక్కో క్రోమాఫిన్ కణంలో వేలకొద్దీ సంచులుంటాయి. ఒక్కో సంచిలో దాదాపు ముప్పై లక్షల హార్మోన్ అణువులుంటాయి. కానీ కాల్షియం రాగానే వెంటనే ఖాళీ అయ్యేవి వందల్లోపే. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లన్నీ నిండి ఉన్నా, గేటు తీయగానే ముందుకు కదిలేది గేటు దగ్గరి కంపార్టుమెంటు వాళ్లే కదా. మిగతా సంచులు త్వచం దగ్గరికి వచ్చి, ప్రోటీన్లు పెనవేసుకుని, సిద్ధం కావాలి. అందుకు ఏటీపీ కావాలి, సమయం కావాలి. కణం లోపల మిగిలిన కొద్దిపాటి కాల్షియం ఈ సిద్ధపరిచే పనినీ వేగిరం చేస్తుంది. అడ్రినలిన్ తయారీలో మొదటి మెట్టయిన టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఎంజైమును కూడా చురుకు చేస్తుంది. పోయిన సరుకు మళ్లీ నింపుకోమని చెప్పేదీ కాల్షియమేనన్నమాట.

దీన్ని మొదట తేల్చింది డగ్లస్, రూబిన్ అనే ఇద్దరు, 1961లో. పిల్లి అడ్రినల్ గ్రంథిలోకి లాక్ ద్రావణాన్ని (ఒంట్లోని ద్రవాన్ని పోలిన ఉప్పునీటిని) ప్రవహింపజేస్తూ ఎసిటైల్‌కోలిన్ ఇచ్చి చూశారు. ద్రావణంలో కాల్షియం తీసేస్తే, ఎసిటైల్‌కోలిన్ ఎంత ఇచ్చినా స్రావం లేదు. కొంతసేపు కాల్షియం లేకుండా ఉంచి మళ్లీ కాల్షియం ఇచ్చినప్పుడు, ఎసిటైల్‌కోలిన్ లేకుండానే కొంత అడ్రినలిన్ బయటికొచ్చింది. పరీక్షలో "ఉద్దీపన–స్రావ సంధానం" అని అడిగితే రాయాల్సింది ఈ ప్రయోగమే.

ప్రశ్న: ఎముకల కోసం రోజూ 500 మి.గ్రా. కాల్షియం మాత్ర వేసుకుంటున్నాను. మీ వ్యాసం చదివాక భయం పట్టుకుంది. అప్పుడప్పుడు గుండె దడ వస్తోంది. కాల్షియం ఎక్కువై అడ్రినలిన్ ఊరుతోందా?
— రిటైర్డ్ ఉద్యోగి, శ్రీకాళహస్తి

జవాబు: లేదు. మాత్రలోని కాల్షియం రక్తంలోకి వచ్చినా, పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్-డి కలిసి రక్తంలో మొత్తం కాల్షియాన్ని డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మి.గ్రా. మధ్యే ఉంచుతాయి. పైగా కణం బయట కాల్షియం ఎప్పుడూ పుష్కలంగానే ఉంది. స్రావాన్ని నిర్ణయించేది ఛానెల్ తెరుచుకోవడం. అది నరం చేతిలో ఉంది, మాత్ర చేతిలో లేదు.

దడకు కారణం వేరే చోట వెతకాలి. ఈసీజీ, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలతో మొదలుపెట్టమనండి. థైరాక్సిన్ మాత్ర కూడా వేసుకునేవారైతే దానికీ కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాక్సిన్ సరిగా ఒంటికి పట్టదు. మీది కాల్షియం కార్బొనేట్ అయితే అన్నం తిన్న వెంటనే వేసుకోవడం మంచిది.

ప్రశ్న: మా నాయనకు బీపీకి అమ్లోడిపిన్ 5 మి.గ్రా. రాశారు. అది కాల్షియం ఛానెళ్లను మూసేస్తుందట. మరి అడ్రినలిన్ కూడా ఆగిపోతే ఆపద సమయంలో ఒళ్లు ఎట్లా తట్టుకుంటుంది? ఎముకలకు కాల్షియం అందదా?
— కుప్పం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమ్లోడిపిన్ పట్టుకునేది ఎల్ రకం ఛానెళ్లను. అదీ రక్తనాళాల గోడల్లోని మృదు కండరంలో ఎక్కువగా. ఆ కండరం త్వచ పొటెన్షియల్ నరకణాలంత రుణాత్మకంగా ఉండదు. అలాంటిచోట ఛానెల్ ఎక్కువసేపు ఉండే స్థితిలోనే ఈ మందు దాన్ని గట్టిగా అతుక్కుంటుంది. అందుకే మామూలు మోతాదులో నాళాలు సడలుతాయి, బీపీ దిగుతుంది. క్రోమాఫిన్ కణానికి ఎల్ రకం కాక ఎన్, పీ/క్యూ రకాలు కూడా ఉన్నాయి. మామూలు మోతాదులో వాటి మీద ఈ మందు ప్రభావం పెద్దగా ఉండదు. ఆపదలో అడ్రినలిన్ వస్తుంది.

ఎముకలకు కాల్షియం చేరేది ఈ దారిన కాదు, కాబట్టి ఆ దిగులు అక్కర్లేదు. చూసుకోవాల్సింది పాదాల వాపు. అది నీరు పట్టడమే కానీ కిడ్నీ చెడిపోవడం కాదు. వాపు కనిపిస్తే చెప్పండి, మోతాదు తగ్గిస్తారో మందు మారుస్తారో డాక్టరు చూస్తారు. బీపీ బాగుందని నాయన మాత్ర మానేయకుండా చూడండి.

ప్రశ్న: డిగ్రీ పిల్లలకు కాల్షియం ప్రభావాన్ని ప్రయోగంగా చూపించాలని ఉంది. ప్యాచ్ క్లాంప్ లాంటివి మా దగ్గర లేవు. నీటి తొట్టి, తూకం, పీహెచ్ మీటర్ ఉన్నాయి, పక్క కాలేజీలో ఫ్లోరిమీటర్ ఉంది. ఒకసారి ప్రయత్నిస్తే కాల్షియం లేని గొట్టంలో కూడా స్రావం వచ్చింది. ఎక్కడ తప్పింది?
— జువాలజీ లెక్చరర్, చిత్తూరు

జవాబు: ఈ ప్రయోగం చేయదగ్గదే, ఖర్చూ తక్కువే. ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో తెలియాలి, అంతే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

గ్రంథి కోసం జంతువును ప్రత్యేకంగా చంపక్కర్లేదు. మటన్ కొట్టులో ఉదయం కోసిన పొట్టేలువో మేకవో అడగండి. కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వుతో పాటు గ్రంథిని కూడా తీసి పారేస్తుంటారు. ఈ జంతువుల్లో ఎడమ గ్రంథి కిడ్నీకి అతుక్కుని ఉండదు. దానికి కాస్త ముందు, మధ్యరేఖ వైపు, పెద్ద రక్తనాళాల పక్కన కొవ్వులో దాగి ఉంటుంది. కుడిది పెద్ద సిర పక్కనే. శోషరస గ్రంథిని చూసి అడ్రినల్ అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. అడ్డంగా కోస్తే తెలిసిపోతుంది: అడ్రినల్‌కు ఎరుపు–గోధుమ అంచు, లోపల లేత బూడిద రంగు దవ్వ కనిపిస్తాయి. అలవాటు లేకపోతే మొదటిసారి తిరుపతి వెటర్నరీ కాలేజీ అనాటమీ వాళ్ల దగ్గర చూసి రండి. కోసిన అరగంటలోపే గ్రంథి ఐసులో పెట్టిన లాక్ ద్రావణంలోకి చేరాలి.

లాక్ ద్రావణం లీటరుకు: సోడియం క్లోరైడ్ 9.0 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.42 గ్రా., కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.32 గ్రా., మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.24 గ్రా., గ్లూకోజ్ 1.8 గ్రా., హెపీస్ 2.38 గ్రా. సోడియం హైడ్రాక్సైడుతో పీహెచ్ 7.4కు తేవాలి. దీంట్లో కాల్షియం 2.2 మిల్లీమోలార్. సీసా మీద "డైహైడ్రేట్" ఉందో "అన్‌హైడ్రస్" ఉందో చూడండి. అన్‌హైడ్రస్ అయితే 0.24 గ్రా. చాలు. హెపీస్‌కు బదులు ఫాస్ఫేట్ బఫర్ వాడకండి, కాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా దిగిపోయి లెక్క తప్పుతుంది.

ఉద్దీపనకు ఎసిటైల్‌కోలిన్ కన్నా పొటాషియం తేలిక. 56 మిల్లీమోలార్ పొటాషియం ఉంటే త్వచ పొటెన్షియల్ తనంతట తానే సున్నా వైపు జరిగి ఛానెళ్లు తెరుచుకుంటాయి. అధిక పొటాషియం ద్రావణంలో పొటాషియం క్లోరైడ్ 4.17 గ్రా. వేసి, సోడియం క్లోరైడును 6.05 గ్రాములకు తగ్గించాలి. తగ్గించకపోతే ద్రావణం చిక్కనై కణాలు ముడుచుకుంటాయి. వచ్చింది స్రావమో గాయమో తెలియదు.

ఇక మీ గొట్టం సంగతి. "కాల్షియం లేదు" అన్నప్పుడు మీరు మామూలు ద్రావణంలోనే ఈజీటీఏ (కాల్షియాన్ని పట్టి బంధించే రసాయనం) కలిపారా? చాలామంది అలాగే చేస్తారు. 2.2 మిల్లీమోలార్ కాల్షియంలో 1 మిల్లీమోలార్ ఈజీటీఏ కలిపితే ఇంకా 1.2 మిల్లీమోలార్ మిగిలే ఉంటుంది. అది స్రావానికి ధారాళంగా చాలు. మొదటి నుంచీ కాల్షియం క్లోరైడ్ వేయకుండా ద్రావణం చేసి, దాంట్లో 1 మిల్లీమోలార్ ఈజీటీఏ, అంటే లీటరుకు 0.38 గ్రా., వేయాలి. ఈజీటీఏ మామూలు నీళ్లలో కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తూ కరిగించి చివర మళ్లీ పీహెచ్ చూడండి. కాల్షియాన్ని పట్టుకునేటప్పుడు ఈజీటీఏ హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది, పీహెచ్ పడిపోతుంది. అది కూడా గమనించాలి.

ఈజీటీఏ వేయకుండా "కాల్షియం క్లోరైడ్ వేయలేదు కదా" అని సరిపెట్టుకోవడం ఇంకో పొరపాటు. గాజు సామాను, రసాయనాలు, నీళ్లు అన్నిటి నుంచీ కొన్ని మైక్రోమోలార్ల కాల్షియం వస్తుంది. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టిన గొట్టంలో తెల్లటి చారలు కనిపిస్తే అది కాల్షియమే. చివరి కడుగు డీయోనైజ్డ్ నీళ్లతో చేయండి, వీలైతే ప్లాస్టిక్ గొట్టాలు వాడండి.

ఇది కాక మీ దగ్గర జరిగి ఉండగల మూడో సంగతి: కోసిన ముక్కల నుంచి తెగిన కణాల హార్మోన్ కారిపోవడం. దవ్వను వల్కలం (గ్రంథి పై భాగం) నుంచి వేరుచేసి మిల్లీమీటరు ముక్కలుగా కోశాక, 37 డిగ్రీల దగ్గర గాలి బుడగలు వదులుతూ, మామూలు లాక్ ద్రావణంలో కనీసం అరగంట ఉంచి, ఐదేసి నిమిషాలకు ద్రావణం మార్చాలి. ఈ కడుగుళ్లు తగ్గిస్తే మొదటి గొట్టంలోనే అంకె పెద్దదిగా వస్తుంది.

కడిగిన ముక్కలను నాలుగు గొట్టాల్లో సమానంగా, ఒక్కోదాంట్లో 50 నుంచి 100 మి.గ్రా., తూచి వేయండి. 2 మి.లీ. ద్రావణం చొప్పున పోసి పది నిమిషాలు ఉంచాలి. మొదటి దాంట్లో మామూలు లాక్. రెండో దాంట్లో కాల్షియంతో అధిక పొటాషియం. మూడో దాంట్లో కాల్షియం లేకుండా, ఈజీటీఏతో అధిక పొటాషియం. నాలుగో దాంట్లో అధిక పొటాషియం, కాల్షియం రెండూ ఉంటాయి కానీ మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ లీటరుకు 3.05 గ్రా. అదనం, దానికి సరిగా సోడియం క్లోరైడ్ 1.3 గ్రా. తక్కువ. మెగ్నీషియం కాల్షియం దారికి అడ్డుపడుతుంది కాబట్టి నాలుగో గొట్టంలో స్రావం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

పది నిమిషాలు కాగానే పై ద్రవాన్ని పిపెట్టుతో తీసి, చివరి గాఢత 0.1 మోలార్ అయ్యేలా పెర్క్లోరిక్ ఆమ్లం కలిపి ఐసులో పెట్టండి. ఆమ్లం లేకపోతే అడ్రినలిన్ గాలికి ఆక్సీకరణ చెంది గులాబీ రంగు అడ్రినోక్రోమ్‌గా మారుతుంది, ఫ్లోరిమీటరులో పట్టదు. కొలవడానికి ట్రైహైడ్రాక్సీఇండోల్ పద్ధతి చాలు. ముక్కల్లో మిగిలినదాన్ని కూడా అదే ఆమ్లంలో నలిపి కొలిచి, స్రావాన్ని మొత్తంలో శాతంగా చెప్పండి. ముక్కల తూకంలో తేడాలు దాంతో సర్దుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన గొట్టం నిజానికి ఐదోది. మూడో గొట్టంలోని ముక్కలను అప్పుడే నలపకండి, పారేయకండి. మామూలు లాక్‌లో పావుగంట కడిగి, కాల్షియం ఉన్న అధిక పొటాషియం ద్రావణంలో వేయండి. ఇప్పుడు స్రావం రావాలి. వస్తే, ఇందాక రాకపోవడానికి కాల్షియం లేకపోవడమే కారణం. రాకపోతే కణాలు చచ్చిపోయాయి, ప్రయోగం మళ్లీ చేయాల్సిందే. మధ్యలో కడగకుండా నేరుగా మారిస్తే, చాలాసేపు అధిక పొటాషియంలో ఉన్న ఛానెళ్లు మొద్దుబారి ఉంటాయి, జవాబు తగ్గుతుంది.

ఫ్లోరిమీటర్ దొరకని రోజు పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో కోసిన గ్రంథిని రాత్రంతా ఉంచి, దవ్వ గోధుమ రంగుకు మారడం చూపించవచ్చు. అది నిల్వను చూపిస్తుంది, స్రావాన్ని కాదు. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. గ్లౌజులు తప్పనిసరి, వాడినదాన్ని సింకులో పోయకూడదు.

ప్రశ్న: గుర్రపు వాతం (ఎక్లాంప్సియా, గర్భిణులకు బీపీతో వచ్చే ఫిట్స్) కేసుల్లో మేం మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాం. ఎక్కువైతే కాల్షియం గ్లూకొనేట్ ఇవ్వమంటారు. మీరు రాసిన దానికీ దీనికీ సంబంధం ఉందా?
— స్టాఫ్ నర్సు, పలమనేరు

జవాబు: నేరుగా ఉంది. పై జవాబులో నాలుగో గొట్టంలో జరిగేదే మీ వార్డులోనూ జరుగుతుంది. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ విడుదలకు కూడా కాల్షియం ప్రవేశమే కావాలి. మెగ్నీషియం మితిమీరితే నరం నుంచి కండరానికి కబురు అందదు. మొదట మోకాలి జర్క్ పోతుంది, ఇంకా పెరిగితే శ్వాస ఆగుతుంది. అందుకే ప్రతి డోసుకు ముందు మూడు చూడమంటారు: మోకాలి జర్క్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు కనీసం 30 మి.లీ. వస్తోందా. మూత్రం ఎందుకంటే మెగ్నీషియం బయటికిపోయే దారి కిడ్నీ ఒక్కటే. శ్వాస తగ్గితే మెగ్నీషియం ఆపి, 10 శాతం కాల్షియం గ్లూకొనేట్ 10 మి.లీ. నెమ్మదిగా సిరలోకి ఇవ్వడం, శ్వాసకు ఆసరా ఇవ్వడం రెండూ ఒకేసారి జరగాలి. బయట కాల్షియం పెంచితే ఛానెల్ దగ్గరి పోటీలో అది గెలుస్తుంది.

అడ్రినల్ దవ్వలో గడ్డ, అంటే ఫియోక్రోమోసైటోమా, తీసే ఆపరేషన్లో మత్తు డాక్టర్లు మెగ్నీషియం వాడేదీ ఇందుకే. గడ్డను కదిలించినప్పుడు ఎగజిమ్మే హార్మోన్‌ను అది కొంత తగ్గిస్తుంది, నాళాలనూ సడలిస్తుంది. అయితే ఆ రోగుల్లో అసలు రక్షణ ఆపరేషన్‌కు వారం, రెండు వారాల ముందు నుంచే ఇచ్చే ఆల్ఫా బ్లాకర్. దానికన్నా ముందు బీటా బ్లాకర్ మొదలుపెడితే నాళాలను తెరిచే దారి మూసుకుపోయి బీపీ ఒక్కసారిగా పైకి ఎగబాకవచ్చు.

ప్రశ్న: నా వయసు 34. బీపీ మూడు మాత్రలకు కూడా లొంగడం లేదు. పొటాషియం 2.9 వచ్చింది. ఆల్డోస్టిరోన్, రెనిన్ పరీక్షలు రాశారు. డాక్టరు గారు "అడ్రినల్ కణంలో కాల్షియం ఎక్కువగా పోతుండొచ్చు" అన్నారు. నా రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంది కదా?
— గృహిణి, పుత్తూరు

జవాబు: రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. డాక్టరు చెప్పింది కణం లోపలి సంగతి.

ఆల్డోస్టిరోన్ వచ్చేది దవ్వ నుంచి కాదు, గ్రంథి పై భాగమైన వల్కలంలో అన్నిటికన్నా బయటి పొర నుంచి. ఇది స్టిరాయిడ్. అడ్రినలిన్‌లా సంచుల్లో నిల్వ ఉండదు. కావాల్సినప్పుడు కొలెస్టరాల్ నుంచి అప్పటికప్పుడు తయారై బయటికి పోతుంది. కాబట్టి ఇక్కడ కాల్షియం సంచిని తెరవదు, తయారీని మొదలుపెడుతుంది. కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియాలోకి చేర్చే స్టార్ ప్రోటీన్‌ను, చివరి మెట్టులోని ఆల్డోస్టిరోన్ సింథేజ్ ఎంజైమును కాల్మోడ్యులిన్ అనే కాల్షియం పట్టుకునే ప్రోటీన్ ద్వారా పెంచుతుంది. అందుకే దవ్వలో పని మిల్లీసెకన్లలో అయిపోతే ఇక్కడ నిమిషాలు, గంటలు పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ కణాల త్వచాన్ని పొటాషియం ఛానెళ్లు బాగా రుణాత్మకంగా పట్టి ఉంచుతాయి. రక్తంలో పొటాషియం కొద్దిగా పెరిగినా, యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ వచ్చి ఆ ఛానెళ్లను మూసినా, త్వచ పొటెన్షియల్ జరిగి కాల్షియం లోపలికి వస్తుంది. కొందరిలో గ్రంథిలో చిన్న గడ్డ ఏర్పడి, దాని కణాల్లో ఈ పొటాషియం ఛానెల్ జన్యువే చెడిపోతుంది. కేసీఎన్‌జే5 అనే ఆ జన్యువులోని మార్పులను 2011లో రిచర్డ్ లిఫ్టన్ బృందం బయటపెట్టింది. పొటాషియాన్ని మాత్రమే పోనివ్వాల్సిన ఛానెల్ సోడియాన్ని కూడా రానిస్తుంది. దాంతో కణం ఎప్పుడూ ఉద్దీపనలోనే ఉంటుంది, కాల్షియం వస్తూనే ఉంటుంది, ఆల్డోస్టిరోన్ ఊరుతూనే ఉంటుంది. కొన్ని గడ్డల్లో కాల్షియం ఛానెల్ జన్యువే మారుతుందని 2013లో తేలింది. ఆల్డోస్టిరోన్ ఉప్పును ఒంట్లో నిలిపి పొటాషియాన్ని మూత్రంలోకి నెట్టేస్తుంది. మీ 2.9కి అది కారణం కావచ్చు. మామూలుగా అయితే పొటాషియం ఇంత తగ్గితే ఆల్డోస్టిరోన్ కూడా తగ్గాలి. తగ్గకపోతేనే అనుమానించాలి.

పరీక్ష సరిగా జరగడం మీ చేతుల్లో కొంత ఉంది. ముందు పొటాషియాన్ని 4 దగ్గరికి తేవాలి, తక్కువగా ఉన్నప్పుడు పరీక్షిస్తే ఆల్డోస్టిరోన్ తప్పుగా తక్కువ చూపవచ్చు. ఆ రోజుల్లో ఉప్పు మానేయకండి. స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్ వాడుతుంటే నాలుగు వారాల ముందు ఆపాల్సి ఉంటుంది. బీటా బ్లాకర్లు రెనిన్‌ను (ఆల్డోస్టిరోన్ ఊరేలా చేసే కిడ్నీ ఎంజైమును) తగ్గించి లేని జబ్బును చూపిస్తాయి. అమ్లోడిపిన్ రకం మందులు, పేరు చివర ప్రిల్, సార్టన్ అని ఉండే మందులు రెనిన్‌ను పెంచి ఉన్న జబ్బును దాచగలవు. వాటి బదులు డాక్టరు వెరపమిల్, ప్రాజోసిన్ లాంటివి పెట్టవచ్చు. కానీ మీ బీపీతో సొంతంగా ఏ మాత్రా ఆపవద్దు.

ఉదయం లేచి కనీసం రెండు గంటలు తిరిగాక, ఐదు నుంచి పదిహేను నిమిషాలు కూర్చుని రక్తం ఇవ్వండి. పిడికిలి బిగించి విప్పుతూ ఉండమంటే వద్దని చెప్పండి, పొటాషియం తప్పుగా ఎక్కువ వస్తుంది. శాంపిల్‌ను ల్యాబుకు పంపేవాళ్లు ఐసులో పెట్టకూడదు. చల్లదనానికి ప్లాస్మాలోని నిష్క్రియ ప్రోరెనిన్ క్రియాశీలమై రెనిన్ ఎక్కువగా కనిపిస్తుంది, డాక్టరు చూసే ఆల్డోస్టిరోన్–రెనిన్ నిష్పత్తి పడిపోతుంది. పుత్తూరులో తీసిన రక్తం వేరే ఊరి ల్యాబుకు వెళ్లేటట్లయితే ఈ మాట ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: కార్బన్ ఫైబర్ ఎలక్ట్రోడుతో ఆంపెరోమెట్రీ చేస్తున్నాం. కాల్షియం లేని ద్రావణంలోనూ కొన్ని స్పైకులు వస్తున్నాయి. గైడు అనుమానంగా చూస్తున్నారు.
— పీజీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఆంపెరోమెట్రీ అంటే కణానికి ఆనించిన సన్నని ఎలక్ట్రోడుతో, ఒక్కో సంచి తెరుచుకుని హార్మోన్ బయటికొచ్చినప్పుడల్లా కరెంటులో కనిపించే స్పైకును (ఎగదన్నును) రికార్డు చేయడం. గైడు అనుమానం సబబే, కానీ డేటా అబద్ధం కాకపోవచ్చు. ఎలక్ట్రోడ్ కణాన్ని గట్టిగా నొక్కుతోందేమో ముందు చూడండి. త్వచం వంగి గుంట పడేంత నొక్కితే కణం గాయపడి ఏమీ ఇవ్వకుండానే స్పైకులు మొదలవుతాయి. ముట్టి ముట్టనట్టు ఆనించి, ఉద్దీపన లేకుండా ఒక నిమిషం రికార్డు చేసి, అందులో స్పైకులు వస్తే ఆ కణాన్ని వదిలేయండి. తర్వాత చూడాల్సింది పఫర్ పిపెట్ (కణం మీదికి ద్రావణం చిమ్మే సన్నని గొట్టం) లీకు. దాంట్లోని ద్రావణంలో కాల్షియం ఉంటే బాత్‌లో, అంటే కణం చుట్టూ ఉన్న ద్రావణంలో, తీసేసి లాభం లేదు, పిపెట్‌లో కూడా ఈజీటీఏ ఉండాలి. ఇవన్నీ సరిగా ఉండీ స్పైకులు వస్తుంటే, కణం లోపలి కాల్షియం నిల్వ అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులం నుంచి వచ్చే కాల్షియం అనుకోవచ్చు. కెఫీన్ ఇస్తే కాల్షియం లేని ద్రావణంలోనూ కాసేపు స్రావం వస్తుంది. అదే కెఫీన్‌ను వెంటనే రెండోసారి ఇచ్చి చూడండి. లోపలి నిల్వ అయిపోయి ఉంటే రెండోసారి స్పైకులు బాగా తగ్గుతాయి, బయట కాల్షియం పెట్టి కొద్దిసేపు ఆగితే మళ్లీ వస్తాయి. ఈ మూడు రికార్డులు పక్కపక్కన పెట్టి గైడుకు చూపించండి.